కప్పు మీది బూడిద

2071 ఆగస్టు తొమ్మిదిన ఎండు నెత్తళ్ళ పులుసుతో అన్నం తింటుండగా బూడిద వాన మొదలైంది. పోర్ట్ బ్లెయిర్‌లో అగ్నిపర్వతం బూడిద ఎవరి ఇంటికప్పు మీద పడితే వారిది. సున్నం, ఉప్పునీళ్ళు కలిపితే రాయిలా బిగుస్తుంది. దాంతోనే ఎవరింటి ముందు సముద్రాన్ని ఆపే గోడను వాళ్ళు ఎత్తు చేసుకోవాలి.

సాయంత్రానికి నా కప్పు మీది బూడిదను బస్తాలకెత్తి నట్టింట్లో పేర్చాను. పక్కింటి దాలయ్య తలుపు విరగ్గొట్టి, గునపంతో లోపలికొచ్చాడు.

“మేస్టారూ, బస్తాలొగ్గీయండి! నా గోడ కూలిపోనాది. అమాస పోటుకి పిల్లలు కొట్టుకుపోతారు.”

“మరి నా గోడో?”

“పెళ్ళాం పోయినోడివి, నీకెందుకు గోడ?”

గునపం నా భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెండో దెబ్బకు బస్తా చిరిగి, బూడిద అతని కళ్ళ నిండా పడింది. అరుస్తూ కళ్ళు నలుపుకోబోయాడు.

“నలపకురా, ఆ బూడిదంతా గాజుపొడే! కళ్ళు కోసేస్తుంది!”

బాగున్న చేత్తో కుండెత్తి, తాగేనీళ్ళన్నీ అతని కళ్ళలో పోశాను. పసివాడిలా తల వంచి పోయించుకున్నాడు.

“కనిపిస్తోందా?”

“మీ బుజం కనపడతంది మేస్టారూ,” అని ఏడ్చాడు.

తన తువ్వాలుతో నా చేతిని మెడకు కట్టాడు.

“పిల్లల్ని ఇక్కడికి తెచ్చెయ్. బస్తాలన్నీ ఈ ఒక్క గోడకే వేద్దాం,” అన్నాను.

ముగ్గురు పిల్లలూ నా భార్య దుప్పట్లో నిద్రపోయారు. దాలయ్య తను విరగ్గొట్టిన తలుపును ఎత్తి, వాళ్ళు లేవకుండా, మెల్లగా మూశాడు.