బరువు కట్టిన గొట్టం

“గొట్టమే వెయ్యి మార్లిస్, రెండో ట్యాంకు దండగ,” అన్నాడు థర్లో, కాఫీ కప్పు విమానం రెక్క మీద పెడుతూ.

మార్లిస్ ఆ కప్పు తీసి బల్ల మీద పెట్టింది. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఎయిర్‌ఫీల్డ్ షెడ్డులో పల్టీలు కొట్టే విమానం ఒకటి ఆమె చేతుల మీద తయారవుతోంది. తేలాల్సింది ఒక్కటే. తలకిందులుగా ఎగిరేటప్పుడు పెట్రోలు ట్యాంకు పైకప్పుకు చేరుతుంది. అప్పుడు దాన్ని ఇంజనుకు అందించేది చిన్న రెండో ట్యాంకా, లేక చివర బరువు కట్టిన రబ్బరు గొట్టమా? పెట్రోలు ఎటు పోతే గొట్టం అటు వాలుతుంది. వాలితేనే.

“బిగుసుకుపోతే?” అంది.

“ఆరిన్ గుర్తొచ్చాడా? మీ ఆయన కంగారుపడి విమానాన్ని అదుపు తప్పించాడు, అంతే. విచారణలోనూ అదే చెప్పాగా.”

చెప్పాడు. ఊరంతా నమ్మింది. పల్టీ పూర్తయి విమానం తిన్నగా అయ్యాక పెట్రోలు కిందికి దిగింది, ఎండిపోయిన గొట్టం మాత్రం పైకప్పుకే ఉండిపోయింది. ఇంజను ఆగింది, ఆరిన్ దక్కలేదు. శిథిలాల్లో దొరికిన ఆ ముక్కను మార్లిస్ వంచి చూసింది. వంగలేదు. అది థర్లో దుకాణం సరుకు.

అయినా ఆమె ఏనాడూ అతనితో గొడవపడలేదు. క్షమించేసిందనుకున్నారు అంతా.

“నీ దగ్గరుందా గొట్టం?”

“లేకేం! పాత స్టాకే గానీ రాయిలా ఉంటుంది.”

“రబ్బరు రాయిలా ఉండొచ్చా?”

“అబ్బా, ఏం అనుమానాలే నీకు! నాలుగు పల్టీలకు అదే మెత్తబడుతుంది.”

“అయితే నీ చేత్తోనే బిగించు.”

థర్లో ఈల వేసుకుంటూ బిగించాడు. కాక్‌పిట్‌లోకి తొంగి చూసి నవ్వాడు. “పెడళ్ళు ఇంత దగ్గరా? నీ కొంగ కాళ్ళు ఎక్కడ మడుస్తావ్?”

“సరిపోతాయిలే.”

“మా బ్రిటా కూడా నీలాగే మొండిది. ఈ పల్టీల పిచ్చి వద్దన్నానని నాతో మాటలే మానేసింది. ఒక్కగానొక్క కూతురు, ఎక్కడుందో కూడా చెప్పదు.” అతని గొంతు కాస్త తగ్గింది. వెంటనే సర్దుకుని ట్యాంకు మూత వేశాడు.

“ఈ గొట్టం ఎవరికైనా ఇస్తావా థర్లో?”

“కళ్ళు మూసుకుని ఇస్తా.”

“మాట మీద ఉంటావుగా?”

“ఉండక! ఇంతకీ ఎప్పుడు ఎగరేస్తున్నావ్?”

“శనివారం. మొదటి రోజే తలకిందులుగా.”

“గుండె గట్టిదే నీది,” అంటూ టోపీ పెట్టుకున్నాడు.

మార్లిస్ దారికి అడ్డంగా నిలబడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అతని కళ్ళలోకి సూటిగా చూసింది. పానా తీసి అతని చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

“విప్పుతావో, ఉంచుతావో నీ ఇష్టం,” అంది. “ఇది నడిపేది బ్రిటా.”