సొంతంగా నేర్చినవాడు

"పన్నెండు భాషలు ఎవరు నేర్పిన్రు సార్?" అశోక్ చౌక్ మరమగ్గాల షెడ్డు గుమ్మంలో విలేకరి తృప్తి గొంతు చించుకుని అడిగింది.

"ఎవరూ నేర్పలే. పొద్దంత మగ్గాల కాడ్నే ఉండే మా అమ్మకు నాతోని మాట్లాడే పుర్సతే లేకుండె. అంత నా మెహనతే, నా కష్టమే!" అన్నాడు భాషావేత్త అభిజిత్, తనను తానే కన్నంత గర్వంగా.

హోరెత్తే మగ్గాల నడుమ నుంచి అతని తల్లి చంద్రభాగ వేళ్లు నోటి దగ్గర పెట్టి కనుబొమ్మలెగరేసింది. అభిజిత్ పొట్ట తడుముకున్నాడు. ఆమె గూట్లోని డబ్బా చూపించింది.

"ఏమంటున్నది సార్?"

"తిన్నవా అన్నది. ఆకలైతుందన్న. రొట్టెలున్నయన్నది."

"ఇదెప్పుడు నేర్సుకున్నరు?"

"నడక రాకముందే..." అని నాలుక కరుచుకున్నాడు.

"నేర్పినోళ్లు లేరని రాసుకున్న సార్. కొట్టెయ్యాల్నా?"

పన్నెండు భాషల పండితుడు చేత్తోనే సైగ చేశాడు, కొట్టెయ్యమని.