విమానం దిగింది

“పేజీ ఆపండి!”

కామా కేకకి లేఅవుట్ మేష్టారి చేతిలో టీ తొణికి కీబోర్డు మీద పడింది. ఆమెని ఆఫీసులో అసలు పేరుతో ఎవరూ పిలవరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కామాల మీద కామాలు గుప్పిస్తూ రాస్తుంటే, అప్పటి ఎడిటర్ కెప్టెన్ గారు పెట్టిన పేరది. ఆ కెప్టెన్ గారు పోయి పది రోజులైంది. పైలట్‌గా మొదలై, పాతికేళ్లు ఈ పత్రికను నడిపి, తొమ్మిది పుస్తకాలు రాసిన మనిషి. రేపటి సంచికలో ఒక నిండు పేజీ ఆయనదే.

“నాలుగింటికి ప్రెస్సుకి వెళ్లాలి తల్లీ! ఇప్పుడు ఆపడమేమిటి?” మేష్టారు రుమాలు వెతుక్కుంటూ అన్నాడు.

“హెడ్డింగు తప్పు!”

తెర మీద పెద్ద అక్షరాల్లో ఉంది: ‘నలుగురి ప్రాణాలు నిలిపిన చేతులు’. ఆ సంగతి తెలియని వాళ్లు లేరు. వరదల్లో దారులన్నీ తెగిపోతే, నొప్పులు పడుతున్న ఒకామెని ఆయన చిన్న విమానంలో ఆసుపత్రికి తీసుకొస్తున్నారు. గాల్లో పెద్ద పక్షి గుద్దుకుని ముందు అద్దం భళ్లున పగిలింది. అయినా విమానం క్షేమంగా దిగింది. ఆ సాయంత్రమే పండంటి ఆడపిల్ల పుట్టింది. తర్వాత ఆర్నెల్లకి కెప్టెన్ పైలట్ ఉద్యోగం వదిలి పత్రికలో చేరారు.

కామా ఆయన ఆత్మకథ తెరిచి బల్ల మీద పెట్టింది. “చదవండి. ‘అద్దం పగిలింది. విమానం దిగింది.’ అంతే రాశారు.”

“అయితే?”

“దానంతటదే దిగిందా? ‘భవనం ప్రారంభమైంది’ అని నేను రాస్తే, ‘ఎవరు ప్రారంభించారు?’ అని ఎర్ర సిరాతో కొట్టేసిన మనిషండీ! పుస్తకం మొత్తంలో ఎవరు చేశారో చెప్పని వాక్యం ఇదొక్కటే. పైగా విమానంలో నలుగురు. గర్భిణి, వాళ్లమ్మ, కెప్టెన్. నాలుగో మనిషెవరు?”

మేష్టారు టీ సంగతి మర్చిపోయాడు. ఈలోగా కామా, అప్పట్లో విమానాశ్రయంలో పనిచేసిన ముసలి మెకానిక్‌కి ఫోన్ కలిపేసింది. ఆయన గొంతు వణికినా జ్ఞాపకం వణకలేదు.

“తలుపు తీసింది నేనేనమ్మా. ఆయన రెండు కళ్లకీ కట్టు కట్టి ఉంది. నెత్తుటితో తడిసిపోయింది. ఇంకెవరున్నారంటావా? నాకెక్కడ తీరిందీ, ఆ తల్లిని మోసుకుపోవడంలో పడ్డాను.”

కామా ఒక్క గెంతులో ఎడిటర్ గదిలో ఉంది. “కళ్లకి కట్టుతో విమానం ఎవరు దింపుతారు సార్? ఇంకో పైలట్ ఉన్నాడు!”

ఎడిటర్ తల పట్టుకున్నాడు. “ఆయన్ని తలుచుకునే పేజీలో, ఆ ఘనత ఆయనది కాదని రాస్తావా? రేపు వాళ్లావిడకి మొహం ఎలా చూపిస్తాం?”

“అబద్ధం రాస్తే అద్దంలో మన మొహం ఎలా చూసుకుంటాం?”

ఆయన గడియారం చూశాడు. “అరగంట. పేరు దొరికితే మారుద్దాం. లేకపోతే ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది.”

కెప్టెన్ ఇల్లు రెండు వీధుల అవతలే. కామా పరుగులాంటి నడకతో వెళ్లింది. దారి పొడుగునా సగం ఆనందం, సగం భయం. ఆ ఇంట్లో విమానం మాటెత్తాలంటేనే జంకు. కెప్టెన్‌కి ఎన్ని ఊళ్ల నుంచి పిలుపులొచ్చినా, ఆయన భార్య విమానం ఎక్కనంటే ఎక్కననేది. దాంతో ఇద్దరూ రైళ్లలోనే తిరిగారు. ఆఖరికి లిఫ్టు కూడా ఎక్కదు, నాలుగంతస్తులూ మెట్ల మీదే.

ఆవిడ ఆయన చొక్కాలు మడతపెడుతోంది.

“అమ్మా, మీ మనసు కష్టపెట్టాలని కాదు. ఆ రోజు విమానం దింపింది కెప్టెన్ గారు కాదు కదా?”

ఆవిడ చేతులు ఆగిపోయాయి. కోపం వస్తుందనుకుంటే మొహం విప్పారింది. “ఎన్నాళ్లకడిగారమ్మా, ఎవరో ఒకరు!”

కామా నోట్‌బుక్కు తీసింది.

“గాజుపెంకులు రెండు కళ్లలోనూ పడ్డాయి. ‘నాకేం కనపడట్లేదు. మీరు చూసి చెప్పండి, నేను చెప్పినట్టు చెయ్యండి’ అన్నారు.”

“రెండో పైలట్‌తోనా?”

“పైలటా, పాడా! పక్కసీట్లో ఉన్నది ఒక నర్సు. వెనకాల చోటు చాలక ముందుకొచ్చి కూర్చుంది. అంతకుముందు సైకిలు తప్ప ఏమీ తొక్కి ఎరగదు.”

“అమ్మో!”

“మీటర్లలో ముళ్లు ఎక్కడున్నాయో ఆ పిల్ల చదవడం, ఏది లాగాలో ఏది వదలాలో ఆయన చెప్పడం. మూడుసార్లు నేలని తాకి మూడుసార్లు ఎగిరింది. నాలుగోసారి నిలిచింది. తర్వాత ఆయనకి చూపొచ్చింది గానీ, విమానం నడిపేంత రాలేదు. ఆయన అందరికీ చెప్పబోతే ఆ పిల్ల కాళ్లావేళ్లా పడింది. సెలవు పెట్టకుండా వార్డు వదిలి వచ్చింది మరి, తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. మాట తీసుకుంది. అడిగిన వాళ్లకి తనే చెబుతానంది. ఒక్కరూ అడగలేదు. ఆయన మాట తప్పలేక, అబద్ధం రాయలేక, అలా రాసి ఊరుకున్నారు.”

ఫోన్ మోగింది. ఎడిటర్.

“సార్, నర్సు! విమానం దింపింది ఒక నర్సు సార్!” కామా దాదాపు అరిచింది.

“నర్సా! పేరేమిటి? బతికే ఉందా? ఐదు నిమిషాలే ఉంది, తొందరగా చెప్పు!”

కామా ఆశగా ఆవిడ వైపు తిరిగింది. “అమ్మా, ఆమె ఆచూకీ ఏమైనా...”

“ఏదీ, ఇలా ఇవ్వు,” అని ఆవిడ ఫోన్ అందుకుంది.

“దింపింది నేనే బాబూ.”