మారెమ్మ అంబలి

"ఏయ్, యాడికి వస్తా ఉండావు? ఆడే నిలబడు!"

అంగాళమ్మ కేకకు వరసంతా వెనక్కి తిరిగింది.

కెలవరపల్లి మారెమ్మ గుడి ముందర అంబలి పోస్తా ఉన్నారు. వరస చివర ముంత పట్టుకొని నిలబడింది మిషన్ బంగళా దొరసాని. పక్కన దొర. ఇద్దరూ అరవై దాటినోళ్ళే.

"అంబలికి వచ్చినామమ్మా," అన్నింది దొరసాని. ఇన్నేండ్లు ఈడే ఉన్నా ఆమె తెలుగు ఇంకా తడబడతానే ఉంటుంది.

"మా అమ్మవారి అంబలి మీకెందుకు? మీ దేవుడు పెట్టడా?"

ఎవరో కిసుక్కుమని నవ్వినారు.

అది పందొమ్మిదివందల అరవై ఐదో సంవత్సరము. తొలకరిలో పడే ముంగారు వాన మొగము చాటేసింది. ఏరు ఎండి ఇసక తేలింది. కడుపు కాలినోళ్ళ నోరు మంచిగా ఉంటుందా?

అట్లని అంగాళమ్మది చెడ్డ మనసేమీ కాదు. కూతురు కాన్పులోనే పోయింది. ఆ కూతురు కన్న బిడ్డ పాపక్క ఒక్కతే ఈ ముసిల్దానికి మిగిలింది. ఆ పిల్ల ఒళ్ళంతా ఎముకలే. రోజూ ఒక గరిటె మారెమ్మ అంబలి పడతా ఉంది కాబట్టి ప్రాణము నిలిచింది. కుండ మైలపడి అమ్మవారికి కోపమొస్తే ఆ గరిటె కూడా పోతుంది. అదీ ఆమె భయము.

బంగళావాళ్ళంటే ఊరికి మొదటి నుంచీ అనుమానమే. సముద్రాలు దాటి ఎవరైనా ఊరికే వస్తారా?

పొద్దున్నే దొర ఎద్దులు కట్టి నీళ్ళు తోడే కపిల తోలతాడు. బంగళా వెనక రాగి చేనుకు బావి నీళ్ళు పారిస్తాడు. దొరసాని వచ్చినోళ్ళ పుండ్లు కడిగి మందు రాస్తుంది. మిగిలిన పొద్దంతా విసురురాయి ముందర కూర్చొని రాగులు విసురుతుంది.

మందు రాయించుకుంటారు గానీ, వాళ్ళ చేతి నీళ్ళు ఎవరూ ముట్టరు. కరువు మొదట్లో బంగళా గేటు కాడ గంజి కాచి పెట్టినారు. ఒక్కరంటే ఒక్కరు పోలేదు. తాగితే కులము పోతుందని, వాళ్ళ మతములో కలిపేస్తారని. ఆ గంజి కుక్కలు తాగినాయి.

"పొద్దస్తమానము మీ ఇంట్లో విసురురాయి శబ్దమే కదా దొరసానమ్మా," అన్నాడు వరసలోని నాగేశప్ప. "అంత పిండి యాడ దాచినారు? ఈడికి ముంత పట్టుకొని వచ్చినారే!"

దొరసాని ఏదో చెప్పబోయింది. దొర ఆమె భుజము మీద చెయ్యి వేసినాడు.

"నేను చెప్తా ఇను," అన్నింది అంగాళమ్మ. "వీళ్ళ గంజి మనము తాగలేదని కడుపుమంట. మన కుండ మైల చేయను వచ్చినారు. అంతే!"

కుండ కాడ ఉన్న పూజారి గుర్రప్ప గరిటె ముంచినాడు.

"పోనీలే అంగాళమ్మా, ఒక్క గరిటె..."

"పోసి చూడు! అమ్మ కన్నెర్ర చేస్తే నా బిడ్డ ప్రాణము నువ్వు తెచ్చిస్తావా?"

గుర్రప్ప దొర పక్క చూసినాడు. దొర వద్దన్నట్టు తల అడ్డముగా ఊపినాడు.

"పోతాము లేమ్మా. బిడ్డకు పొయ్యండి ముందు," అన్నింది దొరసాని. అంగాళమ్మ చంకలోని పాపక్క తల నిమరబోయి, ఆమె మొగము చూసి చెయ్యి వెనక్కి తీసుకునింది.

బంగళా దాకా నడవలేక దారిలో ఆగి ఆగి కూర్చునింది. అందరూ చూసినారు. ఒక్కరూ కదల్లేదు.

వారము తిరక్కముందే దొరసాని జ్వరమొచ్చి పోయింది.

కృష్ణగిరి నుంచి మిషన్ కారు వచ్చింది. పీనుగను ఎత్తను నలుగురు రండప్పా అని డ్రైవరు ఊరంతా తిరిగి పిలిచినాడు. ఏం చెప్పేది, తలుపులన్నీ మూసుకున్నాయి. గుర్రప్ప ఒక్కడే పోయి దొరతో కలిసి ఎత్తినాడు.

"పూజారికి పొయ్యేకాలము," అనుకున్నారు జనము.

అదే కారులో దొర కూడా పోయినాడు. బంగళాకు తాళము పడింది.

మరుసటి పొద్దు గుడి కాడ కుండ బోర్లించి ఉండింది. ఆ మర్నాడూ అంతే.

అంగాళమ్మ పాపక్కను భుజాన వేసుకొని గుర్రప్ప ఇంటికి పోయింది. పిల్ల తల వేలాడిపోతా ఉంది.

"ఆ పీనుగను ముట్టి మైలపడితివి కదప్పా! అమ్మకు కోపమొచ్చింది. తల మీద నీళ్ళు పోసుకొని పోయి కాళ్ళ మీద పడు. నీకు దండము పెడతా, అంబలి పొయ్యి!"

"పొయ్యను పిండి లేదమ్మా."

"అమ్మ ఇచ్చే పిండి యాడికి పోతుంది?"

గుర్రప్ప కండ్లు తుడుచుకున్నాడు.

"మారెమ్మ పేరు చెప్తేనే మీరు తాగుతారని, ఎవరికీ చెప్పొద్దని దొర నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇంక ఆ ఒట్టుతో ఏం పని? మీరు ఇన్నాళ్ళూ తాగింది బంగళా చేను రాగులమ్మా."

అంగాళమ్మ అట్లే గోడకు ఆనుకునింది.

"కోడి కూయక ముందే ఇద్దరూ మోసుకొచ్చి ఇస్తా ఉండ్రి," అన్నాడు గుర్రప్ప. "ఆ పొద్దు జనము ఎక్కువని, వాళ్ళ కోసము ఉంచుకున్న పిడికెడు పిండి కూడా తెచ్చి నా కుండలో పోసేసి, ఆకలికి తాళలేకనే ముంత పట్టుకొని వరసలో నిలబడింది అంగాళమ్మా, ఆ తల్లి."