గెట్‌కు కాపలా

మా కైరోలో మగ మాస్టారు ఇంటికొచ్చి ఆడపిల్లకు చదువు చెబుతుంటే గదిలో ఒక పెద్దావిడ కాపలా కూర్చోవాలి. మా ఇంట్లో ఆ ఉద్యోగం మా అమ్మమ్మ దౌలత్‌ది.

భార్య పోయిన షిహాబ్ మాస్టారు ఇంగ్లీషు క్రియలన్నీ గబగబా చెప్పేసి, ‘గెట్’ దగ్గర మాత్రం నెలల తరబడి ఆగిపోయారు.

"దొరికినా గెట్టే, అర్థమైనా గెట్టే, బస్సెక్కినా గెట్టే, పెళ్ళయినా గెట్టే."

"అన్నిటికీ ఒకటే మాటా? పాపం, ఇంగ్లీషువాళ్ళు మరీ అంత లేనివాళ్ళా?" అంది అమ్మమ్మ, ములుఖియా ఆకు తుంచుతూ. "మీ గెట్ పూర్తయ్యేలోపు ఈ పిల్ల ముసల్దైపోతుంది."

"ముసలివాళ్ళవడం కూడా గెట్టే, దౌలత్ హానిమ్!"

‘హానిమ్’ అన్న ఆ మర్యాద పిలుపుకు అమ్మమ్మ ముసిముసిగా నవ్వింది.

నేను పరీక్ష పాసయ్యాను. అయినా ఆ మంగళవారం మాస్టారు బస్బూసా మిఠాయి పొట్లంతో దిగారు.

"గెట్ ఇంకాస్త మిగిలిందమ్మా," అన్నారు, నా వంక చూడకుండా.

నాకెందుకా గోల అని సినిమాకు బయల్దేరాను. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్ళకు కాటుక పెట్టుకుని ఉంది.

"ఎక్కడికే? పరాయి మగాడితో నన్నొక్కదాన్నే గదిలో వదిలేసి పోతావా? నలుగురూ ఏమనుకుంటారు? కూర్చుని ఈ ఆకు తుంచు!"