పై కిటికీలో ఈల

లండన్ టవర్ కోటలో పొద్దుగూకగానే బొంతకాకులను ఈల వేసి పిలిచి, గూళ్ళలో పెట్టి తలుపులు మూయడం నా పని. అవి ఎగిరిపోతే రాజ్యం కూలిపోతుందంటారు.

యుద్ధంలో గూఢచారిగా పట్టుబడ్డ టల్ అనే ముసలివాడు పై గదిలో ఖైదీ. నా ఈల నేర్చుకుని, కాకులను తన కిటికీకి పిలిచి నన్ను ఏడిపించేవాడు. ముందుపన్ను ఊడటంతో అతని ఈల చివర బుస్సుమనేది. కిటికీలోంచి దారం వదిలి, "సిల్వెస్టరూ, బిస్కెట్లు పక్షులకేనా? నేను మనిషిని కానా?" అనేవాడు. నా భార్య డోర్కస్ ఆ దారానికి ఒకటి కట్టేది.

మంగళవారం తెల్లవారుజామున అతన్ని కాల్చేశారు. ఖాళీ గది తాళంచెవి నా నడుముకే ఉంది.

ఈ రాత్రి పొగమంచులో హెట్టీ అనే కాకి రాలేదు. నోరెండిపోయేదాకా ఈల వేశాను. అప్పుడు పైనుంచి మరో ఈల వినిపించింది. చివర బుస్సుమంది. హెట్టీ కిందికి వాలి, బుద్ధిగా గూట్లోకి నడిచింది.

నడుముకున్న తాళంచెవి తడిమి చూశాను; అక్కడే ఉంది. డోర్కస్ లాంతరు పైకెత్తింది. గోడ వెంట దారం మెల్లగా దిగుతోంది.

"అలా నిలబడ్డావేం? లాంతరు పట్టుకో," అంటూ ఆమె కళ్ళు తుడుచుకుని జేబులోంచి బిస్కెట్ తీసింది. "మూడు రోజులైంది, ఏమీ తినలేదు పాపం."