గాడిద పాట

కత్తెర బాబాయి సెలూన్‌లో ఆదివారం వచ్చిందంటే టీవీలో ఒకటే సినిమా.

పాటలూ నవ్వులూ తప్ప ఇంకేమీ లేని పాత నలుపు తెలుపు సినిమా. ఎన్నిసార్లు చూసినా బాబాయికి అది కొత్తదే.

అందులో గాడిద పాట మొదలవగానే గడ్డం మీద నుంచి కత్తి ఎత్తేసేవాడు.

“నవ్వే మనిషికి గడ్డం గీస్తే చెవి మిగలదు” అనేవాడు.

పెళ్ళివిందులో ఇద్దరు ఒకే గాడిద వేషంలో దూరి ఆడే డ్యాన్సు అది. ముందు కాళ్ళు పెళ్ళికొడుకు వైపు లాగుతుంటే వెనక కాళ్ళు వంటింటి వైపు లాగుతాయి. చివర్లో ముందు కాళ్ళు ఉన్నట్టుండి చతికిలబడతాయి. వెనక కాళ్ళు ఆ ముందు సగాన్ని అమాంతం ఎత్తుకుని తడబడుతూ బయటికి పరుగెడతాయి. సెలూనంతా పొట్ట పట్టుకుని నవ్వేది.

ఒక్క పెద్దాయన మాత్రం నవ్వేవాడు కాదు.

సరిగ్గా ఆ పాట వేళకి వచ్చి బెంచీ చివర కూర్చునేవాడు.

“కటింగా, షేవింగా?”

“ఏమీ వద్దు బాబూ. ఆ పాట ఒక్కటీ చూసి పోతాను.”

రెప్ప వేయకుండా చూసేవాడు. అయిపోగానే లేచి వెళ్ళిపోయేవాడు.

తను వండి పెట్టింది తిని ఎవరో మొహం ముడుచుకున్నట్టు ఉండేది బాబాయికి.

“ఈ పాటకి రాయి కూడా నవ్వుతుంది. ఈయనకేం రోగం?”

“బోసినోరు బయటపడుతుందని భయమేమో బాబాయ్” అన్నాడు కుర్చీలో ఉన్న డ్రైవరు.

ఒక ఆదివారం ఆ పాట నడుస్తుండగా పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. అద్దంలో అది చూసిన డ్రైవరు నవ్వు సగంలోనే ఆగిపోయింది.

బాబాయికి ఒళ్ళు మండింది. టీవీ కట్టేశాడు.

“పెద్దాయనా, ఏడవాలంటే ఇంట్లో ఏడవండి. నా కొట్టుకి జనం నవ్వుకోడానికి వస్తారు. ఇంక రాకండి.”

“కాస్తే ఉంది బాబూ. చివరిదాకా ఒక్కసారి...”

రిమోటు బాబాయి జేబులోకి వెళ్ళిపోయింది.

పెద్దాయన చప్పుడు చెయ్యకుండా లేచి వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు. నోరు జారానని బాబాయికి తెలుస్తూనే ఉంది. ఆ పాట వచ్చినప్పుడల్లా గుమ్మం వైపు చూసేవాడు.

కొన్నాళ్ళకి గుమ్మంలో ఒకావిడ నిలబడింది.

“మా అన్నయ్య ఆదివారం ఆదివారం ఇక్కడికి వచ్చేవాడండి. పోయినవారం పోయాడు. ఆ పాట నాకూ ఒకసారి చూపిస్తారా?”

బాబాయి జేబులోంచి రిమోటు తీశాడు.

“మీ గురించి ఎంత మంచిగా చెప్పేవాడో! మీ దయవల్లే వదినని చూస్తున్నానని అనేవాడు.”

“వదినా?”

“వదిన పోయి చాలా ఏళ్ళయింది. వరదలో ఫొటోలన్నీ కొట్టుకుపోయాయి. వాళ్ళిద్దరూ కలిసి మిగిలింది ఈ సినిమాలోనే.”

బాబాయి పాట పెట్టాడు. ఒక్కో మొహాన్నీ వెతికాడు.

“పెళ్ళివారిలో ఉన్నారా అమ్మా? వంటవాళ్ళలోనా?”

“మొహాలు కనపడవండి.”

ముందు కాళ్ళు చతికిలబడ్డాయి. కుర్చీలో ఉన్న డ్రైవరు అలవాటుగా పకాలున నవ్వాడు.

ఆవిడ తెర దగ్గరికి వెళ్ళి మెల్లగా వేలు ఆనించింది.

“షూటింగు రోజు వదినకి ఒళ్ళు కాలిపోయే జ్వరం, నిజంగానే కళ్ళు తిరిగి పడిపోయింది, ఆ ముందు కాళ్ళు ఆవిడవి, ఎత్తుకుని పరుగెడుతున్న వెనక కాళ్ళు మా అన్నయ్యవి.”